కామాటిపుర కింది అంతస్తు కిటికీ గురించి ఒక బహిరంగ లేఖ

ముంబై కామాటిపుర పాత ఇళ్లను కూల్చి కొత్తగా కట్టే పనిలో ఉన్న మ్హాడా (మహారాష్ట్ర సర్కారు ఇళ్ల సంస్థ) అధికారులకు, ఆ ప్లాన్లు గీస్తున్న ఆర్కిటెక్టులకు, సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిస్తున్న మా గల్లీల పెద్దలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం మరాఠీ ప్రతిని మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా ఎందుకంటే, మీరు కూల్చబోయే పేటకు ఆ పేరు మావాళ్ల వల్ల వచ్చింది. నిజాం ఇలాకా నుంచి వచ్చి మట్టి తవ్వి, రాయి మోసి, ఈ నగరానికి గోడలు లేపిన తెలుగు కూలీలను కామాటీలు అనేవారు. వాళ్లున్న చోటు కామాటిపుర అయింది. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది. కానీ వేశ్యల పేటగా పేరుపడ్డ బొంబాయి కామాటిపుర అనగానే మన ఊళ్లలో చాలామంది ముఖం అదోలా పెడతారు. మా ఇంట్లో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అడ్రసు ‘భాయ్‌ఖళా దగ్గర’ అని చెప్పుకునేవాళ్లం. ఆ సంగతి రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది.

నేను పుట్టింది ఇక్కడే. టీబీ హెల్త్ విజిటర్‌గా 31 ఏళ్లు ఈ నగరంలో మెట్లు ఎక్కి దిగి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం నాకు ఒక అలవాటు అంటించింది. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు కిటికీ ఎటుందో చూస్తాను. మీ ప్లాను గురించి ఇక్కడ పొద్దస్తమానం మాటలే. ఇంటికి 500 చదరపు అడుగులు వస్తాయా, ఎన్ని అంతస్తులు, లిఫ్టులు ఎన్ని, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, యజమానికి ఎన్ని ఫ్లాట్లు దక్కుతాయి. అన్నీ అడగాల్సినవే. వానాకాలం వస్తే పాత దూలం ఏ రాత్రి నెత్తిన పడుతుందో అని టెన్షన్‌తో పడుకునేవాళ్లకు కొత్త ఇల్లు వద్దని నేను అనను. కూల్చండి. కానీ ఇన్ని మాటల్లో కిటికీ మాట ఒక్కసారి కూడా వినపడలేదు. కింది అంతస్తులో కిటికీ తెరిస్తే ఏం కనపడుతుంది? పగలు పన్నెండింటికి ఆ గదిలో లైటు వేయకుండా బియ్యంలో రాళ్లు ఏరుకోవచ్చా?

రాళ్ల మాట ఊరికే అనలేదు. మా అమ్మమ్మ గది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ముందు తలుపు, ఆ తలుపు బయట చీకటి నడవ. వెనక ఒక కిటికీ. ఆ కిటికీ హౌస్ గల్లీలోకి తెరుచుకునేది. ముంబై బయటివాళ్లకు హౌస్ గల్లీ అంటే తెలియదు కాబట్టి చెబుతాను. రెండు చాళ్ల, అంటే గదికో సంసారం ఉండే పొడుగాటి ఇళ్ల, వీపులకు మధ్య మూడు నాలుగు అడుగుల సందు. మనుషులు నడవడానికి కాదు, పాకీ మనిషి వచ్చి మరుగుదొడ్ల బుట్టలు తీసుకుపోవడానికి, మురికినీళ్లు పారడానికి పెట్టిన సందు. బుట్టలు పోయి పైపులు వచ్చినా సందు అలాగే ఉంది. పైవాళ్లు పారేసిన అన్నం, తొక్కలు, పగిలిన పైపు నీళ్లు, పందికొక్కులు. గాలి వస్తే ఆ గాలే రావాలి. అందుకని అమ్మమ్మ ఆ కిటికీకి పాత చీర కుక్కింది. నా చిన్నప్పుడు ఒకసారి ఆడుకుంటూ ఆ చీర లాగేశాను. ముందు వాసన వచ్చింది, ఆ వెనకే అమ్మమ్మ చెయ్యి నా వీపు మీద పడింది. పొద్దున పదకొండింటికి దీపం పెట్టుకుని చేటలో బియ్యం ఏరేది ఆవిడ. ‘పట్టపగలు దీపం పెట్టుకునే బతుకాయె బిడ్డా’ అనేది. బాధతో అన్నట్టు కూడా ఉండేది కాదు, కిరసనాయిలు ఖర్చు గురించి అన్నట్టుండేది.

ఆ గది ఆవిడకు అత్తగారి నుంచి వచ్చింది. అత్తగారు ఏడుగురిని కన్నదని, ఇద్దరు మిగిలారని చెప్పేది. అయిదుగురూ ఎలా పోయారంటే ఒకరికి జ్వరం, ఒకరికి దగ్గు, ఒకరికి ‘ఏమో, పాలు తాగకపాయె’. రోగానికి పేరు లేదు. రిటైరయ్యాక పాత ఆరోగ్య లెక్కలు చదవడం పట్టుకున్నాను. నాకు దొరికిన అంకెల్లో ఒక వరస చూశాక ఆ అయిదుగురు గుర్తొచ్చారు.

1921లో బొంబాయి ఆరోగ్య శాఖ ఏడాది నిండకుండా పోయిన పిల్లల చావులను ఇంటి గదుల లెక్కన విడగొట్టింది. ప్రతి 1,000 జననాలకు, ఒక గది గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్న ఇళ్లలో 828 మంది పోయారు. రెండు గదులుంటే 322. మూడైతే 191. నాలుగు, ఆపైన అయితే 133. ‘ఒక గది కన్నా తక్కువ’ అనే మాట దగ్గర కాసేపు ఆగండి. గదిలో సగం ఎలా ఉంటుందని అనుమానం వస్తే మా గల్లీలో ఎవర్నైనా అడగండి. మధ్యన గోనెపట్టా కడితే అటు ఒక సంసారం, ఇటు ఒక సంసారం.

ఈ 828 అంకెను చూసి అప్పట్లోనే చాలామంది ఇది నిజమై ఉండదన్నారు. నేనూ అంటాను. కారణం మన తెలుగిళ్లలో పుట్టిన ఎవరికైనా అర్థమవుతుంది. కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోతుంది. కరీంనగర్ వైపు ఏదో ఊళ్లో కాన్పు అవుతుంది, మూడో నెలో అయిదో నెలో బిడ్డను చంకనేసుకుని బొంబాయి రైలెక్కుతుంది. రత్నగిరి, సతారా నుంచి వచ్చిన మరాఠీ కుటుంబాల్లోనూ అంతే. బిడ్డ పుట్టుక ఊరి లెక్కలో పడుతుంది, లేదా ఎక్కడా పడదు. బిడ్డ ఇక్కడ పోతే చావు మాత్రం బొంబాయి పుస్తకంలో పడుతుంది. భాగహారంలో పైన వేసే అంకె పెరుగుతుంది, కింద వేసే అంకె తగ్గుతుంది. పైగా ఒక గదిలో ఉండే కూలీవాళ్లే ఎక్కువగా ఊరికి పోయేవాళ్లు, ఇక్కడ కన్నా పుట్టుక రాయించనివాళ్లూ వాళ్లే. కాబట్టి ఉబ్బంతా ఆ 828 లోనే ఎక్కువ. నగరం మొత్తం మీద ఆ ఏడాది పసిపిల్లల చావు 1,000కి 660 పైచిలుకు అని చూపించారు. అదీ ఇలా ఉబ్బిన అంకే.

సరే, ఉబ్బు తీసేద్దాం. రెండు గదుల ఇంటికీ నాలుగు గదుల ఇంటికీ మధ్య 322, 133 అనే తేడా ఎక్కడికి పోతుంది? రైలు టికెట్ల లెక్కతో అది మొత్తం మాయం కాదు. గది ఒక్కటే చంపిందని కూడా నేను అనను. ఒక గదిలో ఉన్నవాడి జీతం తక్కువ, ఇంట్లో పాలు తక్కువ, బిడ్డ తల్లి మిల్లుకు పోవాలి. మిల్లు ఆడవాళ్ల ఆరోగ్యం చూడమని ప్రభుత్వం వేసిన డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలు, వాళ్ల పసిపిల్లల్లో 98 శాతం మందికి నల్లమందు పెడుతున్నారని రాసింది. బాలగోళీ అనేవారు దాన్ని. తల్లి పనికి పోతే బిడ్డ ఏడవకుండా పడుకోవడానికి. చదువుకున్నవాళ్లు ఆ తల్లులను తిట్టిపోశారు. పసిబిడ్డను మూసిన గదిలో ఒంటరిగా వదిలి పది గంటలు మిల్లులో నిలబడే మనిషి ఇంకేం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కాన్పు సెలవుకు డబ్బులిచ్చే చట్టం బొంబాయిలో వచ్చింది 1929లో. దేశంలో అదే మొదటిది.

ఇప్పుడు కూల్చడం గురించి. ఈ పేటను కూల్చి బాగుచేస్తామన్న వాళ్లలో మీరు మొదటివాళ్లు కారు.

1896 సెప్టెంబరులో మాండ్వీలో డాక్టర్ అకాసియో వియెగాస్ పిలేగును గుర్తుపట్టాడు. కొన్ని నెలల్లో దాదాపు సగం ఊరు ఖాళీ అయింది. మావాళ్లు కాలినడకన, రైళ్ల మీద వచ్చిన దారినే పోయారు. పోనివాళ్ల ఇళ్లకు సోదా బృందాలు వచ్చాయి. జబ్బు మనిషిని ఆసుపత్రికి ఎత్తుకుపోవడం, సామాను తగలబెట్టడం, గోడలకు సున్నం కొట్టడం. గదిలో చీకటి ఎక్కువుంటే పైన పెంకులు ఊడదీసేవారు, ఎండ పడాలని. ఉండటానికి పనికిరాదనుకున్న ఇంటి గోడ మీద ‘యు.హెచ్.హెచ్.’ అని ఇంగ్లీషు అక్షరాలు రాసేవారు. ఆ అక్షరాలు చదవలేని వాళ్లకు కూడా దాని అర్థం తెలిసిపోయింది. 1898 మార్చిలో మన పక్కనే మదన్‌పురలో జబ్బుపడిన ఒక నేతపనివాళ్ల అమ్మాయిని చూడటానికి సోదావాళ్లు వస్తే జనం అడ్డం తిరిగారు, గొడవ కాల్పుల దాకా పోయింది. ఇక జనం చేసేదేముంది, జబ్బును దాచారు, శవాన్ని దాచారు, పిలేగు చావును మామూలు జ్వరం అని రాయించారు. ఆ ఏళ్ల చావు పుస్తకంలో ‘జ్వరాలు’ అనే గడిని నేను నమ్మను.

ఆ భయంలోంచే 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. గాలి రాని చోట కుళ్లు పుడుతుంది, ఆ కుళ్లే పిలేగు, కాబట్టి ఇరుకు పేటలు కూల్చి వెడల్పు రోడ్లు వేస్తే రోగం పోతుందని లెక్క. లెక్క తప్పు. పిలేగు ఎలుక మీది గోమార్ల వల్ల వస్తుందని సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లోనే చెప్పాడు. తర్వాత పరేల్ ల్యాబులో ప్లేగు కమిషన్ వాళ్లు ఒక్కో ప్రయోగం చేసి రుజువు చేశారు. రోడ్డు వెడల్పైతే ఎలుక ఊరు విడిచిపోదు. అయినా ట్రస్టు చేతిలో ఉన్న మందు ఇంకో రోగానికి సరైనదే. క్షయకు గాలీ వెలుతురూ కావాలి. కారణం తప్పు, మందు ఒప్పు, ఆ మందు తాగించిన తీరు మాత్రం ఘోరం.

ఎందుకంటే ట్రస్టు మొదటి స్కీము మన పొరుగున ఉన్న నాగ్‌పాడా. అక్కడ ఇళ్లు కూల్చారు. కూల్చినన్ని గదులు కట్టలేదు, కట్టిన వాటి అద్దె ఖాళీ చేయించినవాళ్లలో చాలామందికి అందలేదు. పనికి నడిచిపోగలిగే దూరం దాటితే కూలీవాడికి తిండి లేదు. కాబట్టి ఎక్కడికి పోయారు? దూరం పోలేదు. పక్క గల్లీల్లో దూరారు. నలుగురున్న గదిలో ఏడుగురయ్యారు. కూల్చిన చోట చావు తగ్గిందని చూపించడం ఎంత తేలికో చూడండి. మనుషులే లేనప్పుడు చావులు ఎలా ఉంటాయి? ఆ చావులు పక్క పేట లెక్కలోకి నడిచిపోయాయి.

ఇంత తిట్టాక ఆ ట్రస్టులో నాకు నచ్చిన మనిషి గురించి కూడా చెప్పాలి. జె.పి. ఓర్ అని ఛైర్మన్‌గా ఉన్న దొర. 1912లో బొంబాయి ఇళ్లలో వెలుతురు, గాలి అనే విషయం మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన పట్టుకున్న నియమం ఒక్కటే. కింది అంతస్తు గది గోడ అడుగు నుంచి బయటికి, పైకి ఒక గీత గీయండి. నేలతో ఆ గీత చేసే కోణం 63½ డిగ్రీలు. ఎదుటి కట్టడం ఏదీ ఆ గీతను దాటి పైకి లేవకూడదు. అంతే. టాంజెంట్లు మర్చిపోయినవాళ్లకు సులువుగా చెప్పాలంటే, ఎదుటి గోడ ఎత్తు మధ్యలో ఉన్న ఖాళీకి రెండింతలు దాటకూడదు. పదడుగుల సందు ఉంటే ఇరవై అడుగుల గోడ. ముప్పై అడుగులు లేపాలంటే సందు పదిహేను అడుగులు చేసుకో.

ఈ నియమంలో నాకు నచ్చింది ఆయన నిలబడిన చోటు. పటం ముందు కాదు, పై అంతస్తు బాల్కనీలో కాదు. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా వెనకున్న గదిలో నిలబడి ఆకాశం ఎంత కనపడుతుందని అడిగాడు. ఆ గదికి వెలుతురు వస్తే పైవాళ్లకు రాక ఛస్తుందా!

మా అక్క కొడుకు ఇంజనీరు. వాడిని కూర్చోబెట్టి మీ కాలం లెక్క వేయించాను. 50 అంతస్తుల టవరు 150 మీటర్లు అనుకుంటే, ఓర్ గీత ప్రకారం ఎదుటి టవరు 75 మీటర్ల అవతల ఉండాలి. వాడు నవ్వి ‘పిన్నీ, అంత జాగా ఎవడిస్తాడు’ అన్నాడు. ఇవ్వరని నాకూ తెలుసు. ఇంకోటి కూడా వాడే చెప్పాడు. డిసెంబరు చివర్లో ముంబైలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీలకు మించి పైకి రాడట. అంటే ఓర్ నియమం తుచ తప్పకుండా పాటించినా, దక్షిణం వైపు కిటికీకి ఎదురుగా ఆ గీత దాకా లేచిన కట్టడం ఉంటే చలికాలంలో కింది గదికి నేరుగా ఎండ పడదు. ఆకాశపు వెలుతురు మాత్రం వస్తుంది. కాబట్టి ఆయన అడిగింది అత్యాశ కాదు. తక్కువలో తక్కువ.

మధ్యలో 1918 ఉంది. దాన్ని పొడుగ్గా రాయను. జూన్‌లో రేవు దగ్గర మొదలైన ఇన్‌ఫ్లుయెంజా అక్టోబరు 6న ఒక్క రోజులో బొంబాయిలో 768 మందిని తీసుకుపోయింది. మావాళ్లు గత్తర అనే మాట కలరాకు వాడతారు, కానీ ఆ ఏడాది జ్వరాన్ని కూడా అమ్మమ్మ అత్తగారు గత్తర అనేదట. ఆ జ్వరం చావులను కులం, మతం వారీగా లెక్కగట్టిన పట్టిక ఉంది. 1,000 మందికి ఐరోపావాళ్లలో 8.3, పార్సీలలో 9, ‘తక్కువ కులాల హిందువులు’ అని ఆ పట్టిక పేరు పెట్టినవాళ్లలో 61.6, మిగతా హిందువుల్లో 18.9. గాలిలో వచ్చే జ్వరానికి కులం తెలియదు. గదిలో ఎందరు పడుకున్నారో, జ్వరంలో నోట్లో నీళ్లు పోయడానికి లేచి నిలబడగల మనిషి ఒకరైనా ఉన్నారో లేదో, అక్కడే తేడా వచ్చింది.

ఆ తర్వాత 1920ల్లో సర్కారే స్వయంగా బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లు కట్టింది, వర్లీలో, నాయ్‌గావ్‌లో, డిలైల్ రోడ్‌లో, శివడీలో. 207 కట్టడాలు, దాదాపు 16,000 గదులు, గదికి 160 చదరపు అడుగులు. కాంక్రీటుతో గట్టిగా కట్టారు, ఒప్పుకోవాలి, వందేళ్లు నిలబడ్డాయి. మొదట్లో చాలా గదులు ఖాళీగా పడి ఉన్నాయి. చీకటి, అద్దె ఎక్కువ, పనికి దూరం. గదులు కట్టినవాళ్లు అందులో ఉండబోయేవాళ్లను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు వాటిలో చాలావాటినీ మీరే తిరగకడుతున్నారు కాబట్టి ఈ కథ మీకు నాకన్నా బాగా తెలిసి ఉంటుంది.

ఇదంతా పాత కథ అని పక్కన పెట్టేస్తారేమో అని, నేను చూసిన సంగతి ఒకటి రాస్తాను. ఏ కట్టడం, ఏ పేట అన్నది రాయను. గుడిసెలు తీసేసి, వాటిలో ఉన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చిన ఫ్లాట్లు. రెండో అంతస్తు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, కుట్టుపని, కఫంలో టీబీ వచ్చింది. నేను పోయింది ఏప్రిల్‌లో, పొద్దున పదకొండున్నరకు. బయట చర్మం కాలిపోయే ఎండ. లోపల ట్యూబ్‌లైటు. ఎదుటి కట్టడం ఎంత దగ్గరంటే, ఇటువైపు కిటికీ గ్రిల్లు బయటికి పొడుచుకొచ్చి, అటువైపు గ్రిల్లూ పొడుచుకొచ్చి, ఎదురింటి ఆవిడ కర్ర చివర సంచీ కట్టి కొత్తిమీర ఇటు అందించింది. నేను చూస్తుండగానే. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. గ్రిల్లుల మధ్యనుంచి కిందికి చూస్తే సందు నిండా చెత్త. నలభై ఏళ్ల కింద అమ్మమ్మ కిటికీలోంచి చూసిందే.

అలవాటు ప్రకారం నేను పాఠం అప్పజెప్పాను. మందులు ఒక్క రోజు కూడా మానొద్దమ్మా, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకో, కిటికీ తెరిచి ఉంచండి, ఎండ తగలనివ్వండి. వాళ్లమ్మ నా ముఖంలోకి చూసి ‘ఏ ఎండ, సిస్టర్?’ అంది. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది, ఏ కిటికీ తెరవాలో చెబితే తెరుస్తాను అన్నట్టు. నా దగ్గర జవాబు లేదు. కరపత్రంలో ఉన్నదే చెప్పాను. అమ్మాయికి ఆరు నెలల్లో నయమైంది. మరుసటేడు తమ్ముడికి వచ్చింది.

ఆ ఒక్క ఇల్లు చూసి చెబుతున్నానని అనుకోకండి. మాన్‌ఖుర్ద్, గోవండీల్లోని లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్ లాంటి పునరావాస కాలనీల్లో డాక్టర్లు, ఐఐటీ బొంబాయి వాళ్లు కలిసి చేసిన అధ్యయనం 2018లో బయటికి వచ్చింది. అక్కడ కట్టడాల మధ్య దూరం మూడు మీటర్లు. ఎండ, గాలి అందని కింది అంతస్తుల్లో టీబీ ఎక్కువగా ఉందని తేలింది. మూడు మీటర్ల సందుకు ఓర్ లెక్కన ఆరు మీటర్ల గోడ, అంటే రెండంతస్తులు. అక్కడ నిలబడి ఉన్నవి రెండంతస్తులవి కావు. నిబంధనల్లో సడలింపులు ఇచ్చి మరీ కట్టించారు. 1912లో బ్రిటిష్ వాడు కూలీవాడి గదికి అడిగిన వెలుతురును మన స్వతంత్ర ప్రభుత్వం సడలించింది!

కాబట్టి నేను అడిగేవి రాస్తున్నాను, మీకు చిరాకు కలిగినా సరే.

ప్లాను అంటే మాకు చూపించేది పైనుంచి గీసిన బొమ్మ, లేదా చెట్లూ పిల్లలూ ఉన్న రంగుల బొమ్మ. నిలువుకోత బొమ్మ చూపించండి. ప్రతి పునరావాస కట్టడానికి, కింది మూడు అంతస్తుల ప్రతి కిటికీకి, ఎదుటి గోడ ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో అందులో కనపడాలి. అమ్మకానికి కట్టే టవరు నీడ ఎవరి మీద పడుతుందో కూడా. ఇవాళ ఇది కంప్యూటర్లో గంట పని అని మా వాడే చెప్పాడు. ఆ బొమ్మ సమ్మతి పత్రానికి జత చేసి, మరాఠీ, హిందీ, ఉర్దూ, తెలుగుల్లో చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోండి. గల్లీ పెద్దలారా, ఇది మీకు కూడా. ‘ముందు సంతకం పెట్టు, తర్వాత చూద్దాం’ అన్నది నాగ్‌పాడాలోనే చాలు.

రెండోది, మనుషుల లెక్క. అద్దె రశీదు ఉన్నవాడు మీ జాబితాలో ఉంటాడు. గది అద్దెకు తీసుకుని అందులో మంచాలు అద్దెకిచ్చేవాళ్లూ, ఆ మంచానికి రోజు లెక్కన డబ్బు కట్టే ఆడవాళ్లూ ఈ పేటలో ఉన్నారు. మెట్ల కింద పడుకునే మన పాలమూరు కుర్రాళ్లున్నారు. వాళ్లకు ఫ్లాటు ఇస్తారా లేదా అన్నది మీ చట్టం చూసుకుంటుంది, నేను ఇక్కడ దాని జోలికి పోను. కానీ వాళ్లను లెక్కలో రాయండి. కూల్చిన రోజు వాళ్లు గాలిలో కలిసిపోరు. ఇంకో పేటలో ఇంకో గదిలో ఏడో మనిషి అవుతారు. అక్కడ నా తర్వాత ఉద్యోగంలో చేరిన పిల్ల కఫం డబ్బా పట్టుకుని వాళ్ల కోసం వెతుక్కోవాలి. టీబీ మందు సగంలో ఉన్నవాళ్లు ఇల్లు మారితే ఏమవుతుందో మీ ఇంజనీర్లకు తెలియకపోవచ్చు. మందు మానేస్తారు. మళ్లీ మొదలయ్యేటప్పటికి ఆ మందు పనిచేయకపోవచ్చు. ఖాళీ చేయించే తేదీకి ముందు ఈ పేటలో ఎవరెవరు మందులో ఉన్నారో టీబీ విభాగం దగ్గర పట్టిక ఉంటుంది. వాళ్లు పోయే ట్రాన్సిట్ క్యాంపు అడ్రసు ఆ పట్టికలో చేరేదాకా వాళ్ల ఇల్లు ముట్టుకోకండి.

మూడోది నాకు ఇష్టమైనది. 1921లో వాళ్లు చేసిన పని మీరూ చేయండి. టీబీని, చావులను కట్టడం వారీగా, అంతస్తు వారీగా విడగొట్టి చూడండి. కూల్చకముందు ఒకసారి, జనం కొత్త ఇళ్లలో చేరిన అయిదేళ్లకు ఒకసారి. మనుషుల పేర్లు వద్దు, అంకెలు చాలు. అప్పుడు పెన్నూ కాగితంతో, సగం పుట్టుకలు రాయని పుస్తకంతో ఆ గుమాస్తాలు గదుల లెక్క తీశారు. ఆ లెక్క ఎంత ఉబ్బిందో, ఎందుకు ఉబ్బిందో పైన రాశాను. అయినా ఆ నాలుగు అంకెలు లేకపోతే మా అమ్మమ్మ అత్తగారి అయిదుగురు పిల్లల గురించి ఈ నగరం దగ్గర ఇంకో ముక్క లేదు.

పేట నమూనా తయారయ్యాక, కింది అంతస్తులో ఏదో ఒక గదిని శాంపిల్ ఫ్లాటుగా కడతారు కదా. మీరు ఎప్పుడూ శాంపిల్ ఫ్లాటును ఖాళీ స్థలంలో, చుట్టూ ఏమీ లేనిచోట కట్టి చూపిస్తారు. ఈసారి అలా వద్దు. మొదటి రెండు టవర్లు లేచాక, వాటి మధ్య, అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా వెనకున్న ఫ్లాటు తాళం ఒక రోజు నాకివ్వండి. డిసెంబరు 21 అయితే మంచిది. కరెంటు తీసేయండి. ఒక చేట, కిలో బియ్యం నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
14వ గల్లీలో పుట్టిన ఒక రిటైర్డ్ టీబీ హెల్త్ విజిటర్
ముంబై